నడివయసు దాటిన పిమ్మట

ఉగాదినాడు పంచాంగ శ్రవణం వినే ఆచారాన్ని మనవారు ఏ సీమకు వలసపోయినా విడువలేదు. షోలాపురంలో మగ్గాల పేటలలో, బెంగుళూరులో, చెన్నపట్నంలో, బరంపురం పర్లాకిమిడులలో, యానాంలో, ఎక్కడ పది తెలుగు కుటుంబాలుంటే అక్కడ ఆ ఉదయం వేపపూత పచ్చడి ఉంటుంది, కొత్త సంవత్సరం పేరు చెప్పే పెద్ద ఒకరుంటారు. 2026 ఉగాదితో వచ్చే సంవత్సరం పేరు పరాభవ. ఆ పేరు వినగానే మొగం చిట్లించుకొనేవారు కొందరుంటారు. కాని లెక్క తెలిసిన పెద్దలు నవ్వి ఊరుకొంటారు. 1966లో వచ్చినది పరాభవయే. 1906లో వచ్చినదీ పరాభవయే. పేరునుబట్టి ఫలితం ఉండేటట్లయితే మన పితామహులు పచ్చడి చేసుకొనేవారే కారు.

మన సంవత్సరాల పేర్లు అరవై. గురుగ్రహం సుమారు 12 ఏండ్లకు, శనిగ్రహం సుమారు 30 ఏండ్లకు రాశిచక్రాన్ని చుట్టి వస్తాయి. ఈ రెండును తాము మొదట ఉన్నచోటికి ఇంచుమించుగా ఒక్కమారు చేరుకొనేది అరవై ఏండ్లకు. మనిషి పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ అతని వాకిట్లోకి వచ్చేది అప్పుడే. అందుకే 60 నిండితే షష్టిపూర్తి చేస్తారు. 70కి భీమరథ శాంతి, 80 దాటి వేయి పున్నములు చూచినవారికి సహస్ర చంద్రదర్శనం. తమిళనాట ఉన్న మనవారు తిరుక్కడయూరు అభిరామి అమ్మవారి సన్నిధిలో ఈ వేడుక చేసుకొని రావడం అందరమూ ఎరిగినదే. ఆ వేడుకలో విశేషం గమనించవలె. ముసలి దంపతులకు మళ్ళీ పెండ్లి చేస్తారు. ఏడ్పులు లేవు, వీడ్కోలు లేదు. మంగళసూత్రం, తలంబ్రాలు, కొత్త బట్టలు. అంటే మన పూర్వులు అరవైని ముగింపుగా ఎంచలేదు. చక్రం ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటి ఆకు మీదికి వచ్చిందని ఎంచినారు.

మరి అదే మన భాషలో “అరవై ఏండ్లకు అరుళు మరుళు” అనే సామెత కూడా ఉన్నది. మతి తప్పుతుందని దాని భావం. కన్నడంలోను ఈ సామెత ఉన్నది. ధారవాడ కవి ద. రా. బేంద్రే గారు తమ అరవై ఏండ్ల ప్రాంతంలో తమ కవితా సంపుటానికి ‘అరళు మరళు’ అనే పేరే పెట్టినారు. కన్నడంలో అరళు అంటే వికసించడం, మరళు అంటే మరలి రావడం. లోకం మతి చలించడమన్న మాటను ఆయన మళ్ళీ పూయడంగా చదివించినారు. ఆ గ్రంథానికి 1958లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. సామెత ఒకటే. దానిని చదివే మనిషిని బట్టి అర్థం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది పురుషుల నడివయసును గురించి, ఆ పైన వచ్చే వార్ధక్యాన్ని గురించి. ఇది వైద్య విషయం కాదు, వేదాంతమూ కాదు. మనకు చరిత్రలో కనబడే కొందరు పెద్దలు ఆ గడపను ఎట్లా దాటినారో చూపడమే మా ఉద్దేశం. అందులోను మనవలె సొంత సీమకు దూరంగానో, సరిహద్దుల మీదనో బ్రతికినవారిని ఎన్నుకొన్నాము.

మొదట కొన్ని అంకెలు. 1941–51 మధ్య లెక్కలనుబట్టి భారతదేశంలో పుట్టిన శిశువు సగటు ఆయుర్దాయం సుమారు 32 ఏండ్లు. నేడు సుమారు 70. ఈ అంకె చూచి ఆ రోజులలో అందరూ ముప్పై రెండేండ్లకే పోయినారని అనుకోరాదు. పసిపిల్లల మరణాలు అధికం గనుక సగటు అంతగా దిగింది. బాల్యగండాలు గడిచినవారిలో అరవై డెబ్బై దాకా బ్రతికినవారు ప్రతి గ్రామంలోను ఉన్నారు. కాని వారు తక్కువమంది. అందుచేత వారి మాటకు విలువ ఎక్కువ. ఇప్పుడు ముసలివారు ప్రతి ఇంటా ఉన్నారు. అరుదైనది విరివిగా దొరికితే వెల పడిపోవడం అంగడిలోనే కాదు, సంసారంలోను జరుగుతుంది.

రెండవది పింఛను వయసు. వెనుక మన దేశంలో ప్రభుత్వోద్యోగికి 55 నిండితే విశ్రాంతి. కేంద్ర ప్రభుత్వంలో 1962లో దానిని 58 చేసినారు, 1998లో 60 చేసినారు. కార్ఖానా గంటలు, ఆఫీసు చిట్టాలు మన జీవితంలోకి రాకముందు ఇటువంటి గీత లేదు. చేనేత ఇంటిని తీసుకొనండి. మగ్గం గుంటలో కూర్చొని రోజంతా నేయగల సత్తువ తగ్గిన తండ్రి కొడుకుకు మగ్గం అప్పగించేవాడు. కాని పని మానేవాడు కాడు. కండెలు చుట్టేవాడు, పడుగు సరిచూచేవాడు, తెగిన పోగు అతికేవాడు, రంగు పాకాన పడ్డదో లేదో చెప్పేవాడు. చేతి బలం పోయినచోట కంటి నేర్పు, కంటి చూపు తగ్గినచోట నోటి మాట. ఒక్కొక్క వయసుకు ఒక్కొక్క పీట ఉండేది.

1877లో షోలాపురంలో నూలు మిల్లు నడవడం మొదలైంది. తరువాత మరికొన్ని వచ్చినవి. తెలంగాణా జిల్లాలనుంచి మన పద్మశాలీలు వేలాదిగా ఆ ఊరు చేరినారు. మిల్లులో వయసుకొక పీట లేదు. పని చేయగలిగితే లోపల, చేయలేకపోతే బయట. ఆ మొదటి మిల్లు కూడా 1963లో మూతపడింది. కార్మికుడొక్కడే కాదు, మిల్లే ముసలిదై పోయింది. కూలికి పోయిన తరం ఆఫీసుకు పోయిన తరానికి ఇదే గీతను అప్పగించింది. ఈ తేదీదాకా నీవు మనిషివి, రేపటినుంచి నీవు మాజీవి. నడివయసు మగవాని మనసులో దాగిన భయానికి మూలం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. నలుబదియైదు దాటినప్పటినుంచి అతడు ఆ తేదీవైపే నడుస్తూ ఉంటాడు.

ఆ భయాన్ని లెక్కచేయని మొదటి మనిషి గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి చేరువనున్న పర్వతాలపేటలో పుట్టినారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదివినారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతం మీద ఉపాధ్యాయులుగా చేరినారు. ఉద్యోగం చేస్తూనే చదివి బి.ఏ. అయినారు. అప్పటికి వారికి ముప్పై దాటినవి. ముఖలింగం దేవాలయం గోడలమీది శాసనాల లిపిని గురువు లేకుండా సొంతంగా నేర్చుకొని చదివినారు. ఊరి చుట్టునున్న కొండలలోని సవరల భాష నేర్చుకోవలెనని పుట్టింది. ఆ భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. సవర భాష తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకొని మాటవెంట మాట నేర్చినారు. సవర పిల్లలకు వారి భాషలోనే పుస్తకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టించినారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరల బడి నడపండని చెప్పినారు.

దీనికి వారు చెల్లించిన వెల చిన్నది కాదు. కొండజ్వరాలు పట్టుకొన్నవి. క్వినైను మోతాదులు అతిగా తీసుకోవలసి వచ్చి వినికిడి పోయింది. ఆలోచించండి. భాషను వినికిడితో పట్టుకొనే పండితుడు. అతనికి పోయినది చెవి. కంసాలికి చూపు పోయినట్లు. ఇంకొకరైతే అక్కడితో పుస్తకం మూసేవారు. పంతులుగారు మూయలేదు. ఎదుటివారి పెదవులు, గొంతు కదలిక, తాము అంతకుముందే పట్టుకొన్న ధ్వనుల జ్ఞాపకం, వీటితో పని సాగించినారు.

1906-07 ప్రాంతం. పరాభవ సంవత్సరపు రోజులే. ఉత్తరపు జిల్లాలకు పాఠశాలల పర్యవేక్షకుడుగా యేట్స్ అనే ఆంగ్లేయుడు వచ్చినాడు. తెలుగు నేర్చుకొంటూ, పుస్తకంలోని తెలుగు వీధిలో ఎవరూ ఎందుకు మాట్లాడరని అడిగినాడు. అడిగినది పరాయివాడు. కాని ప్రశ్న మనది. ఆ ప్రశ్నను గిడుగువారు, గురజాడవారు, విశాఖపట్నంలోని పి. టి. శ్రీనివాస అయ్యంగారు చేపట్టినారు. పంతులుగారికి అప్పటికి 43 ఏండ్లు. ఆ వయసుకు అంతవరకు నేర్చిన చదువంతా ఏ భాషలో సాగిందో, ఏ వ్యాకరణం తాము ఇరవై ఏండ్లకు పైగా పిల్లలకు చెప్పినారో, దానినే మళ్ళీ విమర్శించి చూడడం మాటలు కాదు. నడివయసు మనిషికి తన అభిప్రాయాలు పాత చెప్పుల వంటివి. సుఖంగా ఉంటవి గనుక చిరిగినా విడువడు. పంతులుగారు విడిచినారు.

1911లో, సుమారు 48 ఏండ్ల ప్రాయంలో, ముప్పై ఏండ్ల ఉద్యోగం ముగించి విశ్రాంతి పుచ్చుకొన్నారు. లోకం లెక్కన ఇది ముగింపు. వారి చరిత్ర తెరిచి చూస్తే అసలు గ్రంథం ఇక్కడ మొదలవుతుంది. తరువాత గడిపిన 29 ఏండ్లలో వారు ఊరూరా తిరిగి సభలలో వాదించినారు. పూర్వకవుల గ్రంథాలనుంచి, శాసనాలనుంచి ప్రయోగాలు ఏరి, పండితులు తప్పులన్నవి ఒప్పులని చూపించినారు. 1914లో పరీక్షల భాషను గురించి వాదం ముదిరింది, ఫలితం వ్యతిరేకంగా వచ్చింది. 1915లో గురజాడవారు పోయినారు. చిన్ననాటి చెలికాడు, ఉద్యమంలో కుడిభుజం. 1919లో రాజమహేంద్రవరంలో వ్యావహారిక భాషా సమాజం ఏర్పడి, కందుకూరి వీరేశలింగం పంతులు గారు అధ్యక్షులైతే, ఆ యేడే వారూ అస్తమించినారు. ఆ సంవత్సరమే గిడుగువారు ‘తెలుగు’ అనే పత్రిక పెట్టినారు. తోటివారు ఒక్కొక్కరే పోతూ ఉంటే 56 ఏండ్ల మనిషి కొత్త పత్రిక మొదలుపెట్టడమంటే ఏమిటో తలచుకొనండి. 1925లో తణుకులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో గంటల తరబడి ప్రసంగించి ఎదిరిపక్షంవారిచేత తలలూపించినారు. అప్పటికి వారి షష్టిపూర్తి ఏడు దాటింది. 1931లో సవర భాషా వ్యాకరణం అచ్చయింది, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు. రెండవది వెలువడేనాటికి వారికి 75 ఏండ్లు.

ఒడిశాలో ఉన్న మన కుటుంబాలకు ఆ మధ్యలో జరిగిన మరొక ఘట్టం బాగా తెలుసు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డది. పర్లాకిమిడి ఆ రాష్ట్రంలో చేరింది. ఆ ఊరి తెలుగువారి పక్షాన వాదించి ఓడిన పంతులుగారు, రాష్ట్రావతరణం నాటి ఉదయమే ఇల్లూ భూములూ విడిచి రాజమహేంద్రవరానికి ప్రయాణమైనారు. 56 ఏండ్లుగా బ్రతికిన ఊరు. వయసు 72. వారు చేసినదే తగునని మేము అనము. ఒడియా సోదరుల మధ్య నిలిచి, వారి భాష నేర్చి, మన భాషను ఇంట నిలుపుకొన్న వేల కుటుంబాల దారి మరొకటి. అదీ గౌరవమైనదే. కాని డెబ్బై రెండవ యేట వేళ్ళతో పెరికి మరొకచోట నాటుకొని, అక్కడ కూర్చొని నిఘంటువు పూర్తిచేసిన మొక్కను చూచి నేర్చుకోవలసినది ఉన్నది. వలస అనేది యువకుల విద్య మాత్రమే కాదు.

పంతులుగారు 1940 జనవరి 22న కన్నుమూసినారు. అంతకు వారం ముందు చెన్నపట్నంలో పత్రికలవారిని సమావేశపరచి, పత్రికలు వాడుక భాషలో వ్రాయండని తుది విన్నపం చేసినారు. పాఠ్యపుస్తకాలలో తమ మాట చెల్లడం వారు పూర్తిగా చూడలేదు. నేడు మనం చదివే ప్రతి తెలుగు పత్రిక వారి గెలుపు. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవమైంది. పండు తాను తినకపోయినా మొక్క నాటడం ముసలివాని పనేనని మన పెద్దలు చెప్పినమాట ఇక్కడ అక్షరాలా నిజమైంది.

రెండవవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. కర్ణాటకంలోని మనవారికి వారిని గురించి చెప్పవలసినది లేదు. వారి పూర్వుల ఊరు ఆంధ్రసీమలోని మోక్షగుండం. ఊరు విడిచి తరాలైనా ఇంటిపేరులో ఊరు మిగిలింది. మనలో ఎందరి ఇంటిపేర్లో అంతే గదా. చిక్కబళ్ళాపురం చేరువ ముద్దేనహళ్ళిలో పుట్టి, పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరినారు. 1908లో, 47 ఏండ్ల వయసులో, అక్కడ తమకు పైమెట్టు దొరకదని గ్రహించి కొలువు విడిచి విదేశయాత్రకు పోయినారు.

చాలామంది పురుషులకు ఈ ఘట్టం అనుభవంలోనిదే. నలుబదియైదు దాటినాక, రావలసిన పదవి రాదని ఒకనాడు తెలిసిపోతుంది. కొందరు ఆ చేదును పింఛనుదాకా నమిలి, పింఛను తరువాత కూడా ఇంట్లోవారికి పంచిపెడతారు. విశ్వేశ్వరయ్యగారు తలుపు మూసుకొన్న ఇంటిముందు కూర్చోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసింది. నిజాము ప్రభుత్వం పిలువగా 1909లో వచ్చి, నదికి ఎగువన జలాశయాలు కట్టి వరద పట్టి ఉంచవలెనని సలహా ఇచ్చినారు. ఉస్మాన్ సాగరం 1920లో, హిమాయత్ సాగరం 1927లో పూర్తి అయినవి. 1909 చివర మైసూరు చీఫ్ ఇంజనీరైనారు. 1911లో కావేరిమీద కృష్ణరాజ సాగరం పని మొదలైంది. 1912 నుంచి 1918 దాకా దివాను. బొంబాయిలో ఆగిపోయిన మనిషి పేరు దేశమంతటా చెప్పుకొన్నది 47 తరువాత చేసిన పనులవల్లనే.

వారిని దేవుణ్ణి చేయవలసిన పనిలేదు. ఉద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక స్థానం కల్పించే విషయమై మహారాజుతో భేదించి దివానుగిరీ వదలుకొన్నారు. ఆ వివాదంలో కాలం మహారాజు పక్షాన నిలిచింది. పెద్దవయసులో ప్రతి మాటా సరియైనదే కావలెనని లేదు. కాని పదవి పోయినా పని పోలేదు. 1923 నుంచి 1929 దాకా భద్రావతి ఇనుప కర్మాగారాన్ని చక్కదిద్దినారు. 1934లో, డెబ్బై దాటినాక, దేశానికి ఆర్థిక ప్రణాళిక కావలెనని గ్రంథం వ్రాసినారు. 1951లో, తొంబదియవ యేట, తమ ఉద్యోగ జీవిత జ్ఞాపకాలు ప్రకటించినారు. 1955లో భారతరత్నం, 1962లో నిర్యాణం. వేళకు భోజనం, వేళకు నడక, వేళకు నిద్ర, శుభ్రమైన దుస్తులు, ప్రతిదానికి ఒక కాగితం మీద లెక్క, ఇవి వారి అలవాట్లుగా లోకం చెప్పుకొన్నవి. వీటిలో మనకు చేతకానిది ఒక్కటీ లేదు.

మూడవవారు టంగుటూరి ప్రకాశం పంతులు గారు. 1872లో ఒంగోలు సీమలో పుట్టి, రాజమహేంద్రవరంలో వకీలై, ఇంగ్లండులో బారిస్టరై, చెన్నపట్నం హైకోర్టులో రెండు చేతుల సంపాదించినారు. 1921లో 49 ఏండ్ల వయసులో ప్రాక్టీసు మానివేసి, ‘స్వరాజ్య’ అనే ఇంగ్లీషు దినపత్రిక పెట్టినారు. ఇండ్లూ ఆస్తీ అందులోనే కరిగిపోయినవి. 1928 ఫిబ్రవరి 3న సైమను కమీషను వచ్చినరోజు చెన్నపట్నం వీధిలో పోలీసు తుపాకికి రొమ్ము చూపినప్పుడు ఆయన వయసు 55. అంటే ఆ రోజులలో సర్కారు గుమాస్తా పింఛను కాగితం మీద సంతకం పెట్టే వయసు. 1946లో మద్రాసు ప్రధాని. 1953 అక్టోబరు 1న, 81 ఏండ్ల వయసులో, ఆంధ్రరాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. మరుసటి ఏడు నవంబరులో ఒక్క ఓటు తేడాతో ఆ మంత్రివర్గం పడిపోయింది. 1957 మే 20న కన్నుమూసేనాటికి వెనుక వేసుకొన్న ఆస్తి లేదు.

ప్రకాశంగారి చరిత్రలో నడివయసు మగవాడు చూడవలసినది ధైర్యం ఒక్కటే కాదు. తక్కినవారు కూడబెట్టే వయసులో ఆయన ఖర్చుపెట్టినాడు. సంసారి అందరూ అట్లా చేయలేరు, చేయనక్కరలేదు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెండ్లిళ్ళు, ఇంటి అప్పు, ఇవి వెక్కిరించదగినవి కావు. కాని సంపాదన ఎవరికోసం, ఎంతవరకు అనే ప్రశ్న ఆ వయసులో ఒక్కమారైనా వేసుకోవలె. వేసుకోనివాడు పింఛను వచ్చిన మరునాడు ఖాళీ చేతులు చూచుకొని దిగులుపడతాడు.

ఇక ఈ ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ముగ్గురూ ఒకే అచ్చు మనుషులు కారు. ఒకరు బడిపంతులు, ఒకరు ఇంజనీరు, ఒకరు వకీలు. ఒకరి పద్ధతి మరొకరికి నచ్చేది కాదేమో. అయినా మూడు సంగతులు ముగ్గురిలోను కనబడుతున్నవి.

ఒకటి, నడివయసులో వారు మళ్ళీ విద్యార్థులైనారు. గిడుగువారు కొత్త భాష, కొత్త శాస్త్రం నేర్చినారు. విశ్వేశ్వరయ్యగారు పరదేశాలు తిరిగి చూచి వచ్చినారు. ప్రకాశంగారు న్యాయస్థానం విడిచి పత్రిక నడపడం నేర్చినారు.

రెండు, పదవిని విడిచినారు గాని పనిని విడువలేదు. మన పెద్దలు చెప్పిన వానప్రస్థం అసలు అర్థం ఇదే అయి ఉండవచ్చు. తల నెరసి, మనుమని మొగం చూచినవాడు అడవికి పోవలెనని స్మృతులు చెప్పినవి. అడవికి పోయినవాడూ అక్కడ ఊరక కూర్చోలేదు. తపస్సు, అధ్యయనం, అతిథిసేవ ఉండనే ఉన్నవి. విడువవలసినది పెత్తనం. తాళపుగుత్తి కోడలి చేతికిచ్చి, వంటింటి గడపలో కూర్చొని ఉప్పు ఎంత వేసినావని అడిగేవాడు వానప్రస్థుడు కాడు.

మూడు, నష్టాన్ని లెక్కలో వ్రాసుకొన్నారు. చెవి పోయింది, చెలికాడు పోయినాడు, ఊరు పోయింది, ఆస్తి పోయింది, పదవి పోయింది. ముసలితనం హాయిగా ఉంటుందని ఎవరూ మనకు మాట ఇవ్వలేదు. మోకాళ్ళ నొప్పి, చక్కెర జబ్బు, చూపు మందగించడం ఎవరినీ విడువవు. వాటికి వైద్యుడున్నాడు. వేళకు చూపించుకోవడం మగతనానికి తక్కువ కాదు. మిగిలినదానితో ఏం చేయవచ్చునన్నది మాత్రం మన చేతిలోనిది.

ఇక్కడ ఇంకొక మాట చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. పింఛను మగవానికి వచ్చింది, ఇల్లాలికి రాలేదు. షోలాపురంలో మిల్లు మూతపడి మగవాడు ఇంట కూర్చొన్న రోజులలో బీడీలు చుట్టి సంసారం ఈదిన తల్లులను మనం ఎరుగుదుము. ఆ తల్లులకు ఎవరూ విశ్రాంతి తేదీ నిర్ణయించలేదు. ఉద్యోగం విడిచిన మగవాడు మొదట నేర్చుకోవలసిన కొత్త విద్య తన కాఫీ తాను కలుపుకోవడం. తరువాత తాను తాగిన గ్లాసు కడగడం. షష్టిపూర్తిలో రెండవమారు తాళి కట్టించేది ఊరక కాదు. మొదటి పెండ్లిలో చేసిన ప్రమాణాలు సంసారపు హడావుడిలో మరచినవాడు ఈమారైనా జ్ఞాపకం పెట్టుకొంటాడని.

మరి వలస వచ్చిన మనకు ఈ విషయంతో ఏమి పని అని అడుగవచ్చు. మనకే ఎక్కువ పని ఉన్నది. సొంత సీమలో భాషను ఊరు కాపాడుతుంది. అంగడి, గుడి, బడి, తగవు, తిట్టు, అన్నీ తెలుగే. ఇక్కడ భాషను కాపాడేది ఇల్లు. ఇంట్లో తెలుగు మాట నిండుగా తెలిసినవాడు తాత. మన పిల్లలు కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో బడిలో చక్కగా నేర్చుకొంటున్నారు. అది మంచిదే, ఉన్న నేలకు ఆ గౌరవం చెల్లవలసినదే. కాని చాలా ఇండ్లలో మూడవ తరానికి తెలుగు వినడమే వచ్చు, నాలుగవ తరానికి అదీ రాదు. తాతతో కూడా పోయే మాటలు నిఘంటువులో దొరకవు. మగ్గానికి సంబంధించిన మాటలు, పొలం మాటలు, పెండ్లిపాటలు, మనం ఏ ఊరినుంచి, ఏ కరువులో, ఎవరి వెంట వచ్చినామన్న కథ, ఇవి వ్రాసిపెట్టినవారు లేరు.

గిడుగువారు లిపి లేని పరాయిభాషను చెవి లేకుండా కాగితం మీద పెట్టినారు. మనం లిపి ఉన్న సొంత భాషను, చెవులు పనిచేస్తూ ఉండగా, మనుమనికి చెప్పలేమా? మన సంఘంలోని పెద్దలకు మేము చేసే విన్నపం చిన్నది. ఆదివారం ఒక గంట, నలుగురు పిల్లలు, ఒక పలక. అది చేతకానివారు ఒక నోటుపుస్తకం తెచ్చుకొని తమ వంశం వలస కథను తమకు వచ్చిన తెలుగులో వ్రాయండి. తప్పులుంటే ఉండనీయండి. అదికూడా చేతకానివారు చెప్పండి, పిల్లలు తమ చేతిలోని ఫోనులో ఆ గొంతును పట్టి ఉంచుతారు. వందేండ్ల తరువాత ఎవరో ఒకరు మన వీథుల చరిత్ర వ్రాయబూనితే వారికి ఇవే శాసనాలు.

నలుబది దాటిన తమ్ముళ్ళకూ ఒక మాట. అరవై వచ్చినాక మొదలుపెడదామని దేనినీ దాచుకోకండి. గిడుగువారు 48వ యేట ఖాళీ చేతులతో ఇంటికి రాలేదు. అప్పటికే కొండలు ఎక్కి, శాసనాలు చదివి, వాదం ఆరంభించి ఉన్నారు. పింఛను వారికి తీరిక ఇచ్చింది గాని పనిని ఇవ్వలేదు. పని ముందే ఎన్నుకొన్నారు.

పరాభవ అనే పేరుగల సంవత్సరంలో పుట్టినవారు, అనగా 1966 ఉగాది తరువాత పుట్టినవారు, ఈ చక్రంలో అరవైయవ మెట్టు ఎక్కుతున్నారు. వారి షష్టిపూర్తులు వరుసగా జరుగబోతున్నవి. ఆ దంపతులకు మా శుభాకాంక్షలు. పచ్చడిలో వేపపూత చేదు ఉండనే ఉంటుంది. బెల్లం వేసేది మన చేయి. సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు, మనలను కడుపులో పెట్టుకొన్న ఈ నేలకు, ఇక్కడి సోదరభాషలవారికి నూతన సంవత్సరం శుభమగుగాక.